గోడ వణికింది

"మీ నాన్నని సీటు మీంచి దింపింది కంపెనీ కాదే, నువ్వు," అంది అమ్మ. "నీ పాట దింపింది. నీ చదువు దింపింది."

కుట్టుమిషను మాత్రం ఆగలేదు. ఎవర్ని తిడుతున్నా అమ్మ పాదం పని మానదు.

అమ్మ అన్నది సగం. మిగతా సగం ఇది. ఒక పిల్ల తన క్లాసు కోసం మూడు నిమిషాల పాటకి వీడియో చేసింది. అందులో ఒక క్రేన్ ఆపరేటర్ చేతులు వణికాయి. అది చూసి, ఆ మనిషిని పిలిచి ఏదీ చెయ్యి చాపు అని కూడా అడక్కుండా, ఏ డాక్టరుకీ చూపించకుండా, ఇరవై రెండేళ్లు కూర్చున్న సీటు మీంచి దింపేసిన మేనేజరు ఒకడున్నాడు. దింపడానికి కారణం "వ్యసనాలు" అని కాగితం మీద కొట్టించిన ఆఫీసు ఉంది. ఆ వీడియోని తన పేజీలో పెట్టుకుని "ఏం ఫీలింగ్, గుండె బరువెక్కింది" అని రాసుకున్న కాలేజీ ఉంది. చూసి, నిట్టూర్చి, వేలితో పైకి తోసేసిన వేలమంది ఉన్నారు. అందరూ కలిసి దింపారు. కానీ వాళ్లెవరూ ఆ గదిలో లేరు. గదిలో ఉన్నది పిల్ల. అందుకని తిట్లన్నీ పిల్లకే.

"నాలుగింటికి ఆఫీసులో విచారణ. ఇప్పుడు పదకొండు," అన్నాడు బాబాయి.

గుమ్మం దగ్గర కింద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే యార్డు. పైన కేబిన్‌లో అన్న. కింద, వేలాడే కొక్కెం దగ్గర, తమ్ముడు. అన్న దించితే తమ్ముడు పెట్టెలకి గొలుసు తగిలిస్తాడు, చెయ్యి ఊపుతాడు, అన్న ఎత్తుతాడు. రెండు నెలల కిందట ఒక పెట్టె ఊగి బాబాయి ఎడమ భుజాన్ని రాసుకుపోయింది. అప్పటినుంచి ఆ చెయ్యి చెవి దాకా లేస్తుంది, ఆపైన లేవదు. గాలికి పెట్టె ఊగింది అంటాడు. బూటు తాడు కూడా కుడి చేత్తోనే బిగించుకుంటున్నాడు.

"రీలూ," అని పిలిచాడు. కెమెరా పట్టుకున్న రోజునుంచీ ఆ పిల్లకి బాబాయి పెట్టిన పేరది. "మీ అమ్మలాగా నేను తిట్టను. రెండు ముక్కలు అడుగుతా, చెప్పు. ఆ వణుకు నువ్వు కంప్యూటర్లో పెట్టావు, అవునా?"

"అవును బాబాయ్."

"పెట్టకముందు తీసింది, వట్టిది, ఒకటి ఉండాలి కదా."

పిల్ల ల్యాప్‌టాప్ మూత దించింది.

"ఉండాలా, వద్దా?"

"డిస్కు మాస్టారి దగ్గరుంది."

"మొన్న పాడైందన్నావు."

"పాడైందనే మాస్టారికి ఇచ్చా."

"నిన్న పోయిందంది," అంది అమ్మ మిషను మీంచి తలెత్తకుండా. "ఆ డిస్కుకి రోజుకో చావు. రేపు తద్దినం పెడదాం."

బాబాయి నవ్వలేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నేలమీద పరిచాడు.

"నలభై ఒక్క సంతకాలు. చూడు. చదువురాని వాళ్లు వేలిముద్రలు వేశారు. ఆ వణుకు బొమ్మలోది, మనిషిది కాదు అని రాసి ఉంది పైన. మేనేజరు మొహం మీద నేనొక మాటన్నా. మా పిల్ల అసలుది తెస్తుంది, అందులో కూడా మా అన్న చెయ్యి వణికితే నన్నూ తీసెయ్యండి అన్నా. ఇప్పుడు చెప్పు, డిస్కు ఎక్కడుంది?"

కిటికీ పక్కన బల్ల దగ్గర నాన్న కూర్చుని టీ తాగుతున్నాడు. గ్లాసుని రెండు చేతుల మధ్యా పెట్టుకుని, తల వంచి, గ్లాసు దగ్గరికే నోరు తీసుకెళ్లి తాగుతున్నాడు. చలికి చేతులు కాచుకుంటున్నా అంటాడు ఎవరైనా అడిగితే. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఎవరూ అడగలేదు.

"దాన్ని పీక్కుతినకురా," అన్నాడు నాన్న. "ఇవ్వాలనుకుంటే ఈపాటికి ఇచ్చేది. నాకంటే దానికి దాని పేరే ఎక్కువ. వణుకు దొంగదని తెలిస్తే కాలేజీలో పరువు పోతుందని దాని భయం."

పిల్ల తలెత్తి నాన్న వైపు చూసింది. ఆయన చూడలేదు. ఆయనకి తెలుసు ఆ మాట అబద్ధమని. పిల్లకి కూడా తెలుసు ఆయనకి తెలుసని. అయినా బాబాయి ముందు ఆ మాట అలా పడేసి మళ్లీ గ్లాసులోకి వంగాడు.

"అంతేనా రీలూ?" అన్నాడు బాబాయి. గొంతులో కోపం కంటే బాధ ఎక్కువుంది. "పరువా?"

"అంతే అనుకో."

బాబాయి లేచాడు. రెండింటికి వస్తానన్నాడు, గోదాము వాళ్ల సంతకాలు ఇంకా ఉన్నాయన్నాడు. గుమ్మం దాటి, వెనక్కి తిరిగాడు.

"చిన్నప్పుడు నిన్ను ఈ భుజం మీదే తిప్పాను," అన్నాడు. ఏ భుజమో చూపించడానికి చెయ్యి ఎత్తబోయి, ఎత్తలేక, దించేసి వెళ్లాడు.

నాన్న స్నానానికి లేచాడు. బాత్‌రూం తలుపు పడింది. నీళ్ల చప్పుడు మొదలైంది.

మిషను మీద విచారణకి వేసుకెళ్లాల్సిన తెల్ల చొక్కా ఉంది. అమ్మ దానికి చివరి కుట్టు వేసి, దారం పంటితో కొరికి, దులిపింది. పైకి చూస్తే వరసగా ఆరు గుండీలు. కాజాలు మాత్రం లేవు, కుట్టేసింది. గుండీలు ఊరికే పైన అతికించినవి. లోపలివైపు టిచ్ బటన్లు, పసిపిల్లల జుబ్బాలకి వేసేవి. అరచేత్తో నొక్కితే చాలు, పట్టుకుంటాయి. వేళ్లతో పనిలేదు.

"అన్ని చొక్కాలకీ వేశావా?" అంది పిల్ల.

అమ్మ చేతులు ఆగాయి. ఆ రోజు పొద్దుటినుంచీ ఆగడం అదే మొదటిసారి.

"నీకు తెలుసు," అంది పిల్ల. "తెలిసే పొద్దున్నుంచీ నన్ను తిడుతున్నావు."

అమ్మ చొక్కా మడతపెట్టింది. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్లీ పెట్టింది.

"తెలిస్తే?" అంది. "నిన్ను తిడుతున్నంతసేపూ ఎవరూ ఆయన చేతులకేసి చూడరు. నాలుగు తిట్లు తింటే అరిగిపోతావా? తిను. తిని నోరు మూసుకో. ఆయన ఆ సీటు ఎక్కితే చాలు."

"ఎక్కితే కింద బాబాయి ఉంటాడు కదమ్మా."

"మీ బాబాయికి కళ్లున్నాయి. పక్కకి తప్పుకుంటాడు."

ఆ మాట అనేసి అమ్మ మళ్లీ మిషను తొక్కింది. సూది కింద బట్ట లేదు. వట్టి మిషనే తొక్కింది.

నాన్న తల తుడుచుకుంటూ వచ్చాడు. నేరుగా దారపు ఉండల సొరుగు దగ్గరికి వెళ్లి, నల్ల ఉండలన్నీ పక్కకి తోసి, అడుగున పిల్ల దాచిన డిస్కు తీశాడు. పిల్ల ముందు పెట్టాడు.

"మాస్టారి దగ్గరుందిగా," అన్నాడు. "పెట్టు. నేనూ చూస్తా."

ల్యాప్‌టాప్‌లో బొమ్మ వచ్చింది. నాలుగు వారాల కిందట, సెలవు రోజున, నాన్న పిల్లని నిచ్చెనంతా ఎక్కించి కేబిన్ చూపించినప్పటిది. ముందు ఇంజను చప్పుడు. దానితోపాటు కిందనుంచి టక టక టక, ఇనుము మీద ఇనుము. అది సీటు. దాని స్ప్రింగు విరిగి నాలుగేళ్లయింది. మార్చమని నాన్న నాలుగుసార్లు రాసిచ్చాడు. నాలుగుసార్లూ చూస్తామన్నారు. రోజుకి ఎనిమిది గంటలు ఆ ఇనుప దడ నడుమునుంచి భుజాలకి, భుజాలనుంచి చేతులకి ఎక్కింది. పాట పెట్టాలని పిల్ల తుడిచేసింది ఆ చప్పుడే.

తర్వాత ఇంజను ఆగింది. సీటు ఆగింది. రేకు గోడ, కిటికీ, లివర్లు అన్నీ కదలకుండా ఉన్నాయి. లివర్ల మీద నాన్న చేతులు మాత్రం ఆగలేదు. పన్నెండు సెకన్లు.

పాట పేరు "బరువు". తరగతిలో ఇచ్చిన పని ఏమిటంటే, ఒకే ముక్కని ఎఫెక్టులతో మార్చి చూసేవాడి మనసు మార్చాలి. పిల్ల ముందు ఆ పన్నెండు సెకన్లని నెమ్మది చేసింది. వణుకు ఇంకా కనపడింది. వేగం చేసింది. జ్వరం వచ్చినట్టుంది. పసుపు తీసేసి నీలం పోసింది. శవం చెయ్యిలా ఉంది. చివరికి మొత్తం బొమ్మకే వణుకు పెట్టింది, గోడకీ, కిటికీకీ, బయటి ఆకాశానికీ. అన్నీ వణికేసరికి నాన్న చేతులు అందులో కలిసిపోయాయి. ఎవరికీ తెలియదనుకుంది. మాస్టారికి తెలియలేదు, బరువే వణుకుతున్నట్టుందమ్మా అని అందరికంటే ఎక్కువ మార్కులిచ్చాడు. మేనేజరు మాత్రం గోడని చూడలేదు, ఆకాశాన్ని చూడలేదు. దింపడానికి ఒక మనిషి కావాలి కాబట్టి చేతుల్నే చూశాడు.

"వణుకు పెట్టడం వచ్చుగా నీకు," అన్నాడు నాన్న. "తీయడం కూడా వచ్చుండాలి."

"నాన్నా."

"తియ్యి. నిలబెట్టు దాన్ని. రెండింటికి వాడొస్తాడు."

పిల్ల నాన్న మొహంలోకి చూసింది. తెరమీద ఆయన చూపుడువేలి కణుపు మీద ఒక చుక్క పెట్టింది. ఈ చుక్క కదలకూడదని కంప్యూటరుకి చెప్పింది. అది లెక్కలు వేసుకుంది. తర్వాత ఆడించింది.

చెయ్యి నిలిచింది. రాయిలా నిలిచింది. దాని చుట్టూ గోడ వణికింది. కిటికీ వణికింది, లివరు వణికింది. చేతిలోంచి తీసిన వణుకంతా పోయి గోడకి పట్టుకుంది.

నాన్న మూడుసార్లు ఆడించమన్నాడు. మూడుసార్లూ చూశాడు.

"గోడ కోసెయ్," అన్నాడు.

"ఏంటి?"

"పెద్దది చెయ్యి. చెయ్యి ఒక్కటే కనపడాలి. గోడ ఎవడిక్కావాలి?"

కోసింది. తెరనిండా చెయ్యి. గరుకు చర్మం, కణుపుల మధ్య గ్రీజు నలుపు, బొటనవేలి మీద పాత మచ్చ. కదలిక లేదు. ఆయన తెర దగ్గరికి వంగి, ఎప్పుడో తప్పిపోయినవాణ్ని చూసినట్టు చూశాడు.

"ఇదీ నా చెయ్యి," అన్నాడు. "మీ మాస్టారికంటే నువ్వే నయం."

"కింద బాబాయి ఉంటాడు నాన్నా."

"ఇరవై రెండేళ్లు వాడి నెత్తిన బరువులు తిప్పాను. ఒక్కసారి తగల్లేదు."

"రెండు నెలల కిందట తగిలింది."

"అది గాలి."

"గాలి అని బాబాయికి ఎవరు చెప్పారు?"

నాన్న కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. తువ్వాలుని చేతులమీద కప్పుకున్నాడు.

"నేనే చెప్పాను," అన్నాడు. "సరే. నేను దొంగని. నువ్వు? నీకు నాలుగు వారాలనుంచి తెలుసు. నన్ను దింపేదాకా మీ బాబాయి రోజూ నా కొక్కెం కింద నిలబడ్డాడు. ఏం చేశావప్పుడు? వాడికి చెప్పావా? నాకు చెప్పావా? కూర్చుని పాట చేశావు. రంగులు మార్చావు. నీలం బాగుందా, పసుపు బాగుందా అని చూసుకున్నావు. నా చెయ్యి నీకు మార్కులు తెచ్చింది. నాకు తిండి తేకూడదా?"

ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు.

"ఆ అసలుది చెరిపెయ్," అన్నాడు. "నా కళ్లముందు."

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు. బాబాయి గంట ముందే వచ్చేశాడు. కాగితం ఊపుతూ వచ్చాడు.

"యాభై మూడు. గోదాము మొత్తం పెట్టేశారు. ఆ ముసలి వాచ్‌మన్ కూడా పెట్టాడు, దేనికో కూడా అడగలేదు. అన్నయ్య పేరు చెబితే చాలంట." తెర చూశాడు. ఆగాడు. "దొరికిందా?"

"దొరికింది," అన్నాడు నాన్న. "చూపించవే."

పిల్ల చూపించలేదు. చెయ్యి చాపి నాన్నే మీట నొక్కాడు, తువ్వాలు కిందనుంచే, రెండుసార్లు తప్పి మూడోసారి. బాబాయి తెరకేసే చూస్తున్నాడు. ఆ తప్పడం చూడలేదు. తెరమీద కదలని చెయ్యి కనపడింది. బాబాయి నోరు తెరిచి చూశాడు. తర్వాత బల్ల పక్కనే, నాన్న కాళ్లదగ్గర, నేలమీద చతికిలబడి ఏడుపూ నవ్వూ కాని చప్పుడు ఒకటి చేశాడు.

"చూశావా వదినా," అన్నాడు. "స్తంభంలా ఉంది. వ్యసనాలంట. వాళ్ల మొహాన కొడతా దీన్ని."

"చూశానులే," అంది అమ్మ. చొక్కా పట్టుకుని నాన్న వెనక నిలబడింది. "టైమవుతోంది. చొక్కా వేసుకోండి."

"రీలూ, పొద్దున నేనన్నవి మనసులో పెట్టుకోకు," అన్నాడు బాబాయి. కాగితాన్ని నేలమీద పరిచి, యాభై మూడు దగ్గర కింద తన పేరు రాయడానికి పెన్ను తీశాడు. "నాది ఆఖర్న పెడదామని ఉంచుకున్నా. రేపు పొద్దున నువ్వు పైన, నేను కింద. అంతే కదా అన్నయ్యా."

"అంతే," అన్నాడు నాన్న.

పిల్ల వంటగదిలోకి వెళ్లింది. పెద్ద స్టీలు గ్లాసు తీసి కుళాయి కింద పెట్టింది. అంచుదాకా నింపింది. ఇంకొంచెం నింపింది. నీళ్లు అంచుమీద ఉబ్బి నిలిచాయి. రెండు చేతులతో, అడుగులో అడుగు వేసుకుంటూ తెచ్చి నాన్న ముందు బల్లమీద పెట్టింది.

"ఇదేంటే?" అన్నాడు బాబాయి కిందనుంచి. "విచారణకి ముందు పందెమా?"

అమ్మకి అర్థమైంది. "తీసెయ్ దాన్ని," అంది. గొంతు మామూలుగానే ఉంది. "చంపేస్తా నిన్ను. తీసెయ్."

"బాబాయ్, సంతకం పెట్టకు," అంది పిల్ల. "ఆ కాగితం తిరగేసి వెనక రాయి. చేతులు వణకవని కాదు. వణుకుతున్నాయని రాయి. నాలుగేళ్లు విరిగిన సీటు మీద కూర్చోబెట్టి వణికించింది మీరేనని రాయి. ఆ టక టక చప్పుడు నా దగ్గరుంది, నేనే పాట కింద పూడ్చాను, నేనే తీసి వినిపిస్తా. ఆ వైద్యం మీరు చేయించండి, ఆ కూలి మీరు ఇవ్వండని రాయి. నలభై సార్లు అడుగుదాం. దొంగ వీడియో పట్టుకుని మాత్రం వెళ్లొద్దు."

"ఏం వాగుతున్నావే?" బాబాయి నవ్వబోయాడు. సగంలో ఆగిపోయాడు. "అన్నయ్యా, ఏం వాగుతోందిది?"

తువ్వాలు కింద చేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. తువ్వాలు కదులుతోంది. బాబాయి నేలమీద కూర్చుని ఉన్నాడేమో, కళ్లకి సరిగ్గా ఆ తువ్వాలే ఎదురుగా ఉంది. పెన్ను కాగితం మీద చుక్క పెట్టి అక్కడే ఆగిపోయింది. కుడి చెయ్యి దానంతటదే ఎడమ భుజం మీదికి వెళ్లింది.

"నేను చెబితే నమ్మకు బాబాయ్," అంది పిల్ల. "నేను నాలుగు వారాలు చెప్పనిదాన్ని. వీడియో చూసి కూడా నమ్మకు, అది నా చేతిలో పని. ఆయన్ని చూడు."

కుర్చీ పక్కకి వచ్చి తువ్వాలు లాగేసింది.

"ఎత్తు నాన్నా. ఒంటి చేత్తో, ఒక్క చుక్క పడకుండా, బాబాయి తలమీదుగా, అటు మిషను దాకా తీసుకెళ్లి పెట్టు. నాలుగింటిదాకా ఆగక్కర్లేదు. ఇప్పుడే ఎత్తు."